నూబియా కొలత

మా సాన్ తెల్మోలో విమానాశ్రయానికి చోటు చూపించిన మహానుభావుడెవరో గానీ, మబ్బు ఎక్కడ పడుకుంటుందో వెతికి మరీ చూపించాడు. మూడు వైపులా లోయ, నాలుగో వైపు శిలువ గుట్ట, నడుమ కాస్త చదునైన మిట్ట. ఆ మిట్ట మీద రన్‌వే. తెల్లవారేసరికి లోయలోంచి మబ్బు లేచి వచ్చి రన్‌వే మీద బైఠాయిస్తుంది. పది దాటాక బుద్ధి పుడితే లేస్తుంది. లేకపోతే లేదు.

ఆ మబ్బుని కొలిచే ఉద్యోగం నూబియా ఎరాసోది. పదిహేనేళ్లుగా టవర్ మీది గాజు గదిలో కూర్చుని, గంటగంటకీ బయటికి చూసి, ఎంత దూరం కనబడుతోందో, మబ్బు నేలకి ఎంత ఎత్తున ఉందో అంకెలు పంపుతుంది. విమానంతో రేడియోలో మాట్లాడేదీ తనే. కొలవడానికి పెద్ద యంత్రాలేం లేవు. యూకలిప్టస్ చెట్ల వరస కనబడితే ఎనిమిది వందల మీటర్లు. శ్మశానం తెల్లగోడ కనబడితే పదిహేను వందలు. పెంకుల బట్టీ పొగగొట్టం కనబడితే రెండు వేల ఐదు వందలు. మబ్బు ఎత్తుకి శిలువ గుట్టే గుర్తు. గుట్ట శిఖరం రన్‌వే కంటే మూడు వందల యాభై అడుగులు పైన ఉంటుంది.

రూలు ఒకటే. పొగగొట్టం కనబడాలి, మబ్బు ఎనిమిది వందల అడుగులకి పైన ఉండాలి. అప్పుడే రన్‌వే తెరిచినట్టు. లేదంటే మూసినట్టు. ఆ రూలు రాసిన పెద్దమనిషిని ఒక్క నెల మా ఊళ్లో ఉంచి ఉంటే బాగుండేది. దాని ప్రకారం పోతే ఏడాదిలో సగం రోజులు మాకు విమానమే రాదు. రోడ్డు మీద వెళ్దామంటే కొండచరియలు విరగని రోజున తొమ్మిది గంటలు, విరిగిన రోజున ఎన్నో చెప్పలేం.

పదకొండేళ్ల కిందట చెరకు గానుగ దగ్గర మరుగుతున్న పాకం మీద పడి ఒక కూలీ ఒళ్లంతా కాలింది. ఆ పొద్దున నూబియాకి శ్మశానం గోడ దాకానే కనబడింది. పొగగొట్టం కనబడినట్టు రాసింది. కెప్టెన్ అలీరియో బోతినా వచ్చి దిగి, ఆ మనిషిని ఎక్కించుకుని పోయాడు. మనిషి బతికాడు. ఇప్పటికీ బజార్లో నూబియా ఎదురైతే టోపీ తీస్తాడు. అది తప్పు అనడానికి నాకైతే నోరు రాదు.

కానీ ఊరు ఊరుకుంటుందా? కాలినవాడికి కలిపినదానివి పురిటి మనిషికి కలపవా అన్నారు. పురిటి మనిషికి కలిపినదానివి పెళ్లివాళ్లకి కలపవా అన్నారు. జున్ను వ్యాపారులు వచ్చారు, మేయరు గారి బావమరిది వచ్చాడు. రోజూ దిగలేని ఊరికి విమానం నడపలేమని కంపెనీవాళ్లు ఉత్తరం రాశారు. విమానాశ్రయం మేనేజరు దోన్ ఫిదెన్సియో చలపూద్ ఆ ఉత్తరం పట్టుకుని టవరెక్కి, "కాస్త కలుపు అమ్మాయ్. కాస్త కలిపితే ఎవరూ చావరు," అన్నాడు. రెండో ఏటికి ఎవరూ అడగడం కూడా మానేశారు. గోడ కనబడితే పొగగొట్టం రాయడమే లెక్క అయి కూర్చుంది.

పైలట్లకి ఇదంతా తెలుసు. వాళ్లు దానికి నూబియా కొలత అని పేరు పెట్టారు. ఆమె రెండు వేల ఐదు వందలంటే పదిహేను వందలని తీసుకునేవారు. ఎనిమిది వందలంటే ఐదు వందలు. దానికి తగ్గట్టు ఇంధనం ఎక్కువ పోయించుకుని వచ్చేవారు. ఒకసారి దిగి చూసి, రన్‌వే కనబడకపోతే మారు మాట్లాడకుండా తిరిగి వెళ్లిపోయేవారు. "సాన్ తెల్మో, ఆ అంకెలు నీవా, దేవుడివా?" అని బోతినా రేడియోలో అడిగేవాడు. "నావే కెప్టెన్," అని ఈమె నవ్వేది. టవర్లో ప్రతి మాటా సీలు వేసిన పెట్టెలో రికార్డవుతుంది గానీ, వినేవాడికి అది సరసంలాగే ఉంటుంది. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు. ఎవడు రాస్తాడు, రాస్తే జైలు! ఒక కెప్టెన్ ఇంకో కెప్టెన్‌కి వేడి వేడి పళ్ల సారా తాగుతూ చెప్పాలి, అంతే.

ఆ మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి గోడ మసకమసకగా కనబడింది. నూబియా అలవాటు ప్రకారం రెండు వేల ఐదు వందలు, ఎనిమిది వందలు పంపేసింది. పదింటికి మబ్బు లేస్తుందిలే అనుకుంది. లేవలేదు సరికదా, ఇంకా దిగింది. పదిన్నరకి గోడ పోయింది. పది నలభైకి చెట్లు కూడా పోయాయి. పది నలభై ఎనిమిదికి రేడియో పలికింది.

"సాన్ తెల్మో, గుడ్ మార్నింగ్. పదిహేడు మంది ప్రయాణికులతో వస్తున్నాం. తాజా వాతావరణం చెప్పండి."

అది బోతినా గొంతు కాదు. నూబియా మైకు మీద నుంచి వేలు తీసి వెనక్కి తిరిగింది. దోన్ ఫిదెన్సియో కుర్చీలో కూర్చుని బెల్లం టీ ఊదుకుంటున్నాడు.

"ఎవరిదండీ ఈ గొంతు?"

"బోతినాకి నిన్న పిత్తాశయం ఆపరేషన్. కొత్తవాణ్ణి పంపారు. కిసేనో అట, మెదెయిన్ పట్నం వాడు. తెలివైనవాడే అంటున్నారు."

"నా లెక్క సంగతి అతనికి చెప్పారా?"

"బోతినా చెప్పే ఉంటాడు."

"ఎక్కడి నుంచి, ఆపరేషన్ బల్ల మీది నుంచా?"

దోన్ ఫిదెన్సియో టీ కింద పెట్టాడు. "ముందు జవాబు చెప్పు అమ్మాయ్. చెప్పకపోతే ఏదో ఉందనుకుంటాడు."

నూబియా మైకు నొక్కింది. "రెండు వేల ఐదు వందల మీటర్లు. మబ్బు ఎనిమిది వందల అడుగులు. ఇవి నా అంకెలు కెప్టెన్, దేవుడివి కావు."

"రెండు వేల ఐదు వందలు, ఎనిమిది వందలు," అని కిసేనో పొల్లు పోకుండా అప్పజెప్పాడు. "చివరి మాట అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

ఏం చెప్పాలి? వెనక పెట్టెలో టేపు తిరుగుతోంది. "ఏం లేదు కెప్టెన్. మా మబ్బుకి కాస్త తిక్క ఎక్కువ. జాగ్రత్తగా రండి."

"అంటే వాతావరణం మారిందా? మారితే కొత్త అంకెలివ్వండి. నేను బయలుదేరే ముందు మీ రిపోర్టు చూసే ఇంధనం పోయించుకున్నాను. రెండుసార్లు ప్రయత్నించవచ్చు. పదకొండుంపావు లోపల ఇక్కణ్ణించి కదలకపోతే కొండలవతలి పొపయాన్ విమానాశ్రయం చేరుకోలేను."

దోన్ ఫిదెన్సియో తల అడ్డంగా ఊపుతున్నాడు. పెదాలతోనే "మారలేదను, మారలేదను" అంటున్నాడు. నూబియా గాజులోంచి బయటికి చూసింది. రన్‌వే అవతలి అంచున నిలబెట్టిన ఫైరింజను కూడా కనబడడం లేదు. నాలుగు వైపులా తెల్లటి గోడ లేచినట్టుంది.

"మార్పు లేదు," అంది.

పదకొండేళ్లుగా నోటికి అలవాటైన మాట, నోరే అనేసింది. పైగా ఆమెకో ధైర్యం ఉంది. కనబడకపోతే అతనే పైకి లేచి పోతాడు కదా. అందరూ చేసేది అదే. దారి చూపే రేడియో బీకన్ మీదుగా వచ్చి, గడియారం చూసుకుంటూ మెట్టుమెట్టుగా దిగాలి. రన్‌వేకి ఆరు వందల అడుగుల ఎత్తు దాకా దిగాలి. అంతకంటే ఒక్క అడుగు దిగకూడదు. లెక్క పెట్టిన నిమిషాలు పూర్తయ్యేసరికి రన్‌వే కనబడిందా, దిగడమే. కనబడలేదా, ఇంజన్లు గట్టిగా తోసి పైకి లేవడమే. ఆ ఆరు వందలు శిలువ గుట్టని దృష్టిలో పెట్టుకుని గీసిన గీత.

పదకొండింటికి చప్పుడు వినబడింది. మబ్బులో ఎక్కడో తూర్పు వైపు మొదలై, దగ్గరై, నెత్తి మీదికి వచ్చి, గాజులు గిలగిల్లాడించి, ఒక్కసారి బొబ్బపెట్టి పైకి పోయింది. నూబియా ఊపిరి వదిలింది.

"చూశావా," అన్నాడు దోన్ ఫిదెన్సియో నుదురు తుడుచుకుంటూ. "బుద్ధిమంతుడే. ఇక పొపయాన్ పోతాడు. మన నోట్లోంచి మాట రానక్కర్లేదు."

"సాన్ తెల్మో," అంది రేడియో. "రన్‌వే కనబడలేదు. గాలి ఒత్తిడి అంకె మళ్ళీ చెప్పండి."

చెప్పింది. ఎత్తు చూపే మీటరుని ఆ అంకెతోనే సరిచేసుకుంటారు.

"ఇంకోసారి."

చెప్పింది. తర్వాత అతని గొంతు నెమ్మదిగా, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు వచ్చింది.

"చూడండి మేడమ్. మీరు మబ్బు ఎనిమిది వందల్లో ఉందన్నారు. నేను ఆరు వందల దాకా వచ్చాను. అంటే రెండు వందల అడుగులు మబ్బు కింద ఉండాలి. కానీ చుట్టూ పాలలాగా ఉంది. ఇక్కడ రెండు ఎత్తు మీటర్లున్నాయి, రెండిటికీ నలభై అడుగుల తేడా చూపిస్తోంది. మీటర్లే తప్పు చూపుతున్నాయని నా అనుమానం. నేను ఇంకా పైనే ఉన్నట్టున్నాను. మీ రిపోర్టుకీ నా మీటరుకీ పొంతన లేదు. మీరు నేల మీద ఉన్నారు, కళ్లతో చూస్తున్నారు. మీ మాటే నమ్ముతాను. ఈసారి ఇంకో రెండు వందల యాభై దిగుతాను."

నూబియా లెక్క వేసింది. ఆరు వందల్లోంచి రెండు వందల యాభై తీస్తే మూడు వందల యాభై. శిలువ గుట్ట ఎత్తు సరిగ్గా అంతే. పిచ్చి తండ్రీ, నీ మీటరు బంగారంలాంటిదిరా, తప్పు చూపుతున్నది నేనురా అని అరవాలనిపించింది. గడియారం పదకొండూ ఆరు చూపిస్తోంది.

"రన్‌వే మూసేశామను!" దోన్ ఫిదెన్సియో ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. "వాతావరణం ఇప్పుడే పాడైందను. ఇప్పుడే, ఈ నిమిషమే. అందులో తప్పేముంది? పాడవదా? అతను పోతాడు, మనం బతుకుతాం."

ఎంత తేలిక దారి! నూబియాకి ప్రాణం లేచి వచ్చింది. మైకు అందుకుంది. "కెప్టెన్, వాతావరణం ఇప్పుడే పడిపోయింది. మూడు వందల మీటర్లు. మబ్బు నేలని తాకుతోంది. రన్‌వే మూసేస్తున్నాం. పొపయాన్ వెళ్లిపోండి."

"ఎప్పుడు పడిపోయింది?"

"ఇప్పుడే."

"నేను కిందికి వచ్చినప్పుడు ఎనిమిది వందలేనా?"

దోన్ ఫిదెన్సియో అవునన్నట్టు తల ఊపాడు.

"ఎనిమిది వందలే," అంది నూబియా.

"అయితే నా మీటర్లు తప్పే. ఇక సందేహం లేదు." కిసేనో గొంతులో మొదటిసారి వణుకు వినబడింది. "మేడమ్, ఇక్కణ్ణించి పొపయాన్‌కి దారి పొడుగునా కొండలు, వాటి మీద మబ్బు. ఎత్తు ఎంతో తెలియని విమానంతో నేను ఆ కొండలు దాటలేను. పదిహేడు మంది ఉన్నారు. మీ రన్‌వే ఎక్కడుందో బీకన్ చూపిస్తోంది, గుట్ట ఎక్కడో పటంలో ఉంది. ఇక్కడే తడుముకుంటూ దిగడం నయం. బీకన్ వైపు తిరుగుతున్నాను."

తేలిక దారి వెళ్లి వెళ్లి మళ్ళీ ఆ గుట్ట దగ్గరే తేలింది. నూబియాకి ఏడుపు వచ్చింది. ఒక అబద్ధం కప్పడానికి ఇంకో అబద్ధం వేస్తే, అతను తన దగ్గరున్న ఒక్క నిజాన్నీ అవతల పారేస్తున్నాడు. ఆ మీటరు నిజమని అతను నమ్మాలంటే తొమ్మిదిన్నర నుంచీ ఆమె చెప్పినదంతా అబద్ధమని అతనికి తెలియాలి. అందులో సగం చెప్పి సగం దాచుకోవడానికి వీల్లేదు.

దోన్ ఫిదెన్సియోకి కూడా అర్థమైంది. మైకు మీద చెయ్యి పెట్టేశాడు. "వద్దు నూబియా. అదిగో ఆ పెట్టె వింటోంది. నువ్వు జైలుకి పోతావు. నేనూ పోతాను. ఈ ఊరికి మళ్ళీ విమానం రాదు. పురుళ్లు, కాలినవాళ్లు, అందరినీ ఆలోచించు. అతనికి అదృష్టం బాగుంటే మబ్బులో చీలిక దొరుకుతుంది. దొరికిన రోజులు లేవా?"

"చెయ్యి తియ్యండి."

"అమ్మాయ్, నీ కాళ్లు పట్టుకుంటాను."

"పదిహేడు మందండీ, ఆ పైన పైలట్లిద్దరు. చెయ్యి తియ్యండి దోన్ ఫిదెన్సియో, లేకపోతే కొరుకుతాను!"

నిజంగానే కొరికేదేమో. అతను చెయ్యి తీశాడు.

"కెప్టెన్ కిసేనో, బీకన్ దాటకండి. దిగకండి. మీ మీటర్లు సరైనవే. నేనిచ్చిన అంకెలే తప్పు. మబ్బు ఎనిమిది వందల్లో లేదు. మీరు కిందికి వచ్చినప్పుడూ లేదు, పొద్దుట్నించీ లేదు. పదిన్నర నుంచీ నేల మీదే ఉంది."

నూబియా గడియారం వైపు చూసింది. పదకొండూ తొమ్మిది.

"సాన్ తెల్మో," అన్నాడు అతను చివరికి. మర్యాద పోయింది. "మార్పు లేదన్నావు. తర్వాత ఇప్పుడే పడిపోయిందన్నావు. ఇప్పుడు పొద్దుట్నించీ లేదంటున్నావు. ఇరవై నిమిషాల్లో మూడు మాటలు. ఇందులో ఏది నమ్మమంటావు? ఈ మాటని ఎందుకు నమ్మాలి?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. కాసేపటి క్రితం దాకా ఆమె మాటకి విలువ ఉండేది, ఇప్పుడు పూచికపుల్లంత లేదు. నూబియా కళ్లు తుడుచుకుంది. మైకు నోటికి దగ్గరగా తెచ్చుకుని, టేపులో ప్రతి అక్షరం స్పష్టంగా పడేలా పలికింది.

"నా పేరు నూబియా ఎస్పెరాన్సా ఎరాసో. లైసెన్సు నంబరు నాలుగు వేల నూట పన్నెండు. ఈ టవర్లో పదకొండేళ్లుగా దొంగ అంకెలు ఇస్తున్నాను. గోడ కనబడితే పొగగొట్టం రాస్తున్నాను. ఇక్కడికి వచ్చే పైలట్లందరికీ తెలుసు, మీకొక్కరికే తెలియదు. మీకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇదంతా రికార్డవుతోంది. నన్ను పట్టుకుపోవడానికి ఈ ముక్క చాలు. అబద్ధం చెప్పదలుచుకుంటే నా నంబరు ఎందుకు చెబుతాను నాయనా? మూడు వందల యాభై అడుగుల్లో గుట్ట ఉంది. నీ మీటరు నమ్ము. పైకి లే. నీకు దండం పెడతాను, పైకి లే!"

పదకొండూ పది. దోన్ ఫిదెన్సియో గోడకి ఆనుకుని జారి నేల మీద కూర్చున్నాడు.

"సాన్ తెల్మో, ఖాయం చేయండి." కిసేనో ఒక్కో మాటా విడదీసి పలికాడు. "మీరు ఇచ్చిన వాతావరణం అబద్ధం. నా మీటరు నిజం. అవునా?"

"అవును."

"అర్థమైంది. పైకి లేస్తున్నాం. పొపయాన్ వెళ్తున్నాం."

చప్పుడు నెత్తి మీదుగా కాకుండా పక్కగా పోయింది, ఉత్తరం వైపు సన్నగిల్లింది. ఆ తర్వాతి ముప్పావుగంట ఎలా గడిచిందో ఆ గదిలో ఉన్న ఇద్దరికే తెలియాలి. నూబియా లేచి కూర్చుంది, కూర్చుని లేచింది. కిటికీ తెరుద్దామంటే ఆ గదిలో ఒక్క కిటికీ కూడా తెరుచుకోదు. వాతావరణం పుస్తకంలో పదకొండు గంటల గడిలో మూడు వందల మీటర్లని రాసి, కింద సంతకం పెట్టింది. పదకొండేళ్లలో ఆ పుస్తకంలో ఉన్న మొదటి నిజం అదే కాకపోయినా, ఆమెకి అలాగే అనిపించింది.

పదకొండూ యాభై మూడుకి ఫోను మోగింది. పొపయాన్‌లో దిగారు. అందరూ క్షేమం. ట్యాంకులో ఇంకో పది నిమిషాలకి మించి ఇంధనం లేదు. కెప్టెన్ తన రిపోర్టు రాసుకుంటున్నాడు.

దోన్ ఫిదెన్సియో నేల మీది నుంచే అడిగాడు. "నా పేరు చెప్పలేదేం నువ్వు?"

"కొలిచింది మీరు కాదుగా," అంది నూబియా. కోపంతో అన్నదో జాలితో అన్నదో ఆమెకే తెలియదు. బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగింది.

కింద వరండాలో ముప్పై మంది దాకా ఉన్నారు. వచ్చేవాళ్ల కోసం కొందరు, అదే విమానంలో పోవలసినవాళ్లు కొందరు. విమానం నెత్తి మీద తిరిగి తిరిగి వెళ్లిపోవడం అందరూ విన్నారు. నూబియాని చూడగానే రొట్టెల కొట్టు రొసాల్బా ముందుకొచ్చింది. ఆమె కూతురు నర్సు పరీక్ష రాసి ఆ విమానంలోనే వస్తోంది. మోచేతికి గంప, గంపలో గుడ్డ కప్పి, కూతురి విందుకని వేయించిన గినీ పంది.

"ఏం నూబియా, సంతోషమా?" అని అరిచింది. "రెండుసార్లు వచ్చింది పాపం, రెండుసార్లు తరిమేశావు. మేయరు బావమరిదికైతే కలుపుతావు, జున్నుకైతే కలుపుతావు. నా కూతురు వస్తున్న రోజునే నీకు చెయ్యి రాలేదా? కాస్త కలిపితే నీ సొమ్మేం పోయింది?"

"కలిపాను దోన్యా రొసాల్బా," అంది నూబియా. "పొద్దున్నే కలిపాను. అది నమ్మి పైలట్ నీ కూతుర్ని శిలువ గుట్ట మీదికి తీసుకురాబోయాడు. కలిపానని చెప్పాకే పైకి లేచాడు."

రొసాల్బా గుట్ట ఉండే వైపు చూసింది. అక్కడ తెల్లదనం తప్ప ఇంకేమీ లేదు. గంప మోచేతి నుంచి జారుతుంటే నూబియాయే పట్టుకుంది.

వెనక వరసలో జున్ను పెట్టెల మీద కూర్చున్న వ్యాపారికి ఈ మాటలేవీ వినబడలేదు. అతను అక్కణ్ణించే గొంతు పెంచాడు. "అయిందేదో అయింది. రేపైనా కాస్త చూసి కలుపు తల్లీ! నా సరుకు పులిసిపోతోంది."

రొసాల్బా గిర్రున వెనక్కి తిరిగింది.

"కలపదు!" అంది, కన్నీళ్లు కారిపోతుంటే. "ఇంకెప్పుడూ కలపదు. నీ జున్ను కుళ్లిపోనీ!"